పదకొండో రాయి

ఎష్‌రోట్‌లో ఇళ్ళు తొమ్మిది. హద్దురాళ్ళు మాత్రం మూడు వందల నలభై.

తండ్రి పోతే పొలాన్ని పిల్లలంతా సమానంగా చీల్చుకోవడం మా వైపు ఆనవాయితీ. మూడు వందల ఏళ్ళు అలా చీల్చుకుంటూ పోయేసరికి భూమి పేలికలైపోయింది. ఎగువ చేలల్లో ఆవు అడ్డంగా నిలబడితే తల ఒకడి చెక్కలో ఉంటుంది, తోక ఇంకొకడి చెక్కలో ఉంటుంది. అది వేసిన పేడ ఎవరిదని కొట్టుకున్న వాళ్ళు కూడా ఉన్నారు. ఇన్నేళ్ళలో తొమ్మిది ఇళ్ళు పది కాలేదు. చోటు లేక కాదు, ఆ చోటు ఎవరిదో తేలక.

ఊరు రెండు గుట్టల మధ్య పల్లంలో ఉంటుంది. శీతాకాలం పదకొండు గంటలకు గానీ ఎండ రాదు, మూడింటికల్లా పోతుంది. కింద ఎర్రవాగు. ఒకప్పుడు వాగుకి ఇవతల బిషప్పుగారి రాజ్యం, అవతల ఎవరో జమీందారుది. ఆ కాలపు రాళ్ళ మీద ఒకవైపు బిషప్పు చేతికర్ర చెక్కి ఉంటుంది. బిషప్పు పోయాడు, జమీందారు పోయాడు, రాళ్ళున్నాయి. చర్చీ, శ్మశానం, దుకాణం, పోస్టాఫీసు అన్నీ గుట్టకి అవతల వైడెన్‌లాఖ్‌లోనే. ఎష్‌రోట్‌కి సొంతంగా ఉన్నవి మూడు: ఒక గంట, ఊరుమ్మడి రొట్టెల పొయ్యి, ఈ రాళ్ళు.

1973 అక్టోబరులో ఆ రాళ్ళకి కూడా కాలం చెల్లింది. చీలికలన్నీ కలిపేసి ఇంటికి మూడు నాలుగు పెద్ద చెక్కలుగా తిరిగి పంచుతామని ప్రభుత్వం వాళ్ళు మూడేళ్ళుగా కొలతలు తీస్తున్నారు. కొలతలయ్యాయి, సంతకాలయ్యాయి. వచ్చే సోమవారం పొద్దున్నే పసుపు రంగు యంత్రం వస్తుంది, పాత రాళ్ళన్నీ పీకేస్తుంది అని కబురొచ్చింది.

ఆ కబురు అందుకున్నవాడు కిలియాన్ డ్యుర్. యాభై తొమ్మిదేళ్ళ మనిషి, ఏడుగురికి పెద్ద.

మా వైపు ప్రతి ఊళ్ళోనూ ప్రమాణం చేసిన ఏడుగురు ఉంటారు. హద్దురాయి పాతేది వాళ్ళే, లేపేదీ వాళ్ళే. రాయి నిలబెట్టే ముందు గుంట అడుగున కాల్చిన మట్టి బిళ్ళలు కొన్ని ఒక పద్ధతిలో పేరుస్తారు. వాటిని సాక్షులంటారు. ఎన్ని బిళ్ళలు, ఏ ఆకారం, ఎటు తిప్పి పెట్టాలి అన్నది ఏడుగురికి తప్ప ఎనిమిదో మనిషికి తెలియకూడదు. కట్టుకున్న పెళ్ళానికి చెప్పకూడదు, చచ్చేముందు పాదరీకి చెప్పకూడదు. సాక్షుల్ని పెట్టేటప్పుడు పొలం వాళ్ళు దూరం పోయి అటు తిరిగి నిలబడాలి. ఎవడైనా గుట్టుచప్పుడు కాకుండా రాయి జరిపాడనుకోండి, తవ్వి చూస్తే కింద సాక్షులుండవు. దొంగ రాయి దొరికిపోతుంది.

తొమ్మిది ఇళ్ళకి ఏడుగురంటే ఇంచుమించు ఇంటికొకడు. లేనివి రెండిళ్ళే. ఒకటి బాల్టజార్ రౌ ఇల్లు, రెండోది లోరెంజ్ కెర్న్ ఇల్లు. గొడవ ఆ రెండిళ్ళకే వచ్చింది.

ఏ రాయి కింద ఏముందో కిలియాన్ కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఒక్క రాయి కింద ఏమీ పెట్టలేదన్న సంగతి కూడా అతనొక్కడికే తెలుసు. సోమవారం లోపల ఆ మాట చెప్పాలి. చెప్పకపోతే ఇక ఎవరూ అడగరు. రాళ్ళే లేని ఊళ్ళో రాయి మాట ఎవడికి కావాలి? లోరెంజ్ కెర్న్ గట్టు దొంగగా బతికాడు, గట్టు దొంగగానే పోతాడు.

*

అసలు జరిగింది 1948లో. యుద్ధానికి ముందున్న ఏడుగురిలో నలుగురు తిరిగి రాలేదు. కిలియాన్ ఖైదీల శిబిరం నుంచి బయటపడి వచ్చి అప్పటికి ఆర్నెల్లయింది. ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేవు. ఏడుగురికి పెద్ద అయిన వీటుస్ ష్రామ్ అతన్ని పిలిచి, చెయ్యెత్తించి ప్రమాణం చేయించాడు. వీటుస్ మాటంటే మాటే, తిట్టంటే తిట్టే. కిలియాన్‌కి ఆయన కూతురు రెటాతో అప్పటికే పెళ్ళి మాట అయిపోయింది కాబట్టి, ఆయన ముందు నోరెత్తే ధైర్యం అసలే లేదు.

ఆ నవంబరులో ఒక్క రోజున పదకొండు రాళ్ళు పాతారు. కొత్తవాడు కాబట్టి మోకాళ్ళ మీద కూర్చుని గుంటలో సాక్షుల్ని పేర్చే పని కిలియాన్‌ది. సాయంత్రం పదకొండో రాయికి వచ్చేసరికి వాన మొదలైంది. పశువుల మిట్ట మీద, కెర్న్ వాళ్ళ చెక్కకీ రౌ వాళ్ళ చెక్కకీ మధ్య రాయి అది. కిలియాన్ వేళ్ళు కొయ్యబారిపోయాయి. గుంటలో చెయ్యి పెట్టాడు, మట్టి సర్దాడు.

"పెట్టావా?" అన్నాడు వీటుస్.

"పెట్టాను."

రాయి దింపారు, మట్టి తొక్కారు, ఇళ్ళకి పోయారు. ఇంట్లో తడిసిన కోటు పొయ్యి దగ్గర ఆరేస్తుంటే జేబులో ఏదో గలగలమంది. పదకొండో రాయి సాక్షులు జేబులోనే ఉన్నాయి.

అబద్ధమాడాలని ఆడలేదు. పెట్టాననే అనుకున్నాడు. పొద్దుట్నుంచీ పదిసార్లు చేసిన పనిని పదకొండోసారి చేతులు చేసినట్టే అనిపించింది. ఆదివారం చర్చీ దగ్గర కాబోయే మామగారికి చెబుదామనుకున్నాడు. చెప్పలేదు. ప్రమాణం చేసి వారం తిరక్కుండా, చేసిన తప్పుని ఎలా చెప్పడం? పెళ్ళయ్యాక చెబుదామనుకున్నాడు. వసంతంలో ఎవరూ లేనప్పుడు తనే వెళ్ళి తవ్వి పెట్టేద్దామనుకున్నాడు. ఒంటరిగా రాయి ముట్టుకుంటే అది ఇంకా పెద్ద నేరం. ఏడాది గడిచాక ఆ బిళ్ళల్ని ఎర్రవాగులో పడేసి, పీడ విరగడైంది అనుకున్నాడు.

విరగడ కాలేదు. తొమ్మిదేళ్ళకి, 1957 వేసవిలో, బాల్టజార్ రౌ ఊరంతా వినిపించేలా లోరెంజ్ మీద కేకలు మొదలుపెట్టాడు.

"నీ పొలానికి కాళ్ళొచ్చాయిరా లోరెంజ్! ఏడాదికో జానెడు నా వైపు నడుస్తోంది. ఇంకో పదేళ్ళుంటే నా వంటింట్లో మీ ఆవిడ కూర వండుకుంటుంది!"

"నాగలి గట్టు దాటలేదు. కావాలంటే రాయి చూసుకో," అన్నాడు లోరెంజ్.

"రాయి చూస్తూనే ఉన్నా. అదే నడిచిందంటున్నా."

ఏడుగురూ వెళ్ళారు. లోరెంజ్‌నీ బాల్టజార్‌నీ దూరంగా పంపి రాయి లేపారు. కింద ఏమీ లేదు. వీటుస్ చేత్తో తడిమాడు, చుట్టూ రెండడుగుల మేర తవ్వించాడు. ఎక్కడా పెంకు ముక్క లేదు. ముసలాయన లేచి, మోకాళ్ళు దులుపుకుని, "రాయి జరిపినవాడు సాక్షుల్ని మాత్రం వదిలిపెడతాడా, ఎత్తుకుపోయాడు" అన్నాడు.

కిలియాన్ నోరు తెరిచాడు. తెరిచిన మాట నిజం. తెరిచిన నోట్లోంచి మాట వచ్చేలోపల లోరెంజ్ దగ్గరికొచ్చి ఆ ఖాళీ గుంట చూశాడు. అతని మొహం పాలిపోయింది. కాదనలేదు, ఒట్టేయలేదు, బాల్టజార్ కాలర్ పట్టుకోలేదు.

"మీరెక్కడ పాతమంటే అక్కడ పాతండి," అని తల దించుకుని వెళ్ళిపోయాడు.

తప్పు చెయ్యనివాడు అలా పోతాడా అనుకున్నారంతా. కిలియాన్‌కి కూడా ఆ ఆలోచన వచ్చింది, వచ్చిందే చాలని పట్టుకున్నాడు. తను సాక్షుల్ని పెట్టకపోవడం నిజమే, కానీ లోరెంజ్ రాయి జరపడం కూడా నిజమై ఉండొచ్చుగా? రెండూ జరిగి ఉండొచ్చుగా? పదహారేళ్ళు ఆ 'ఉండొచ్చుగా' మీదే కాలక్షేపం చేశాడు.

రాయిని లోరెంజ్ వైపు అడుగున్నర లోపలికి పాతారు. మూడు ఆల్‌బుకరా చెట్లు రౌ వాళ్ళవైపు వెళ్ళిపోయాయి. శిక్ష అంతటితో అయిపోతే బాగానే ఉండేది. ఊరంటే తొమ్మిది ఇళ్ళు, మొహం తిప్పుకుంటే ఎటు తిప్పుకుంటాం? అయినా తిప్పుకున్నారు. గంట కొట్టే వంతు వారానికో ఇంటి చొప్పున తిరిగేది. ఆరో ఇంటి తర్వాత ఎనిమిదో ఇంటికి తాడు వెళ్ళేది, ఏడో ఇల్లు లోరెంజ్‌ది. రొట్టెల పొయ్యి శనివారం శనివారం వెలిగించి ఇంటి నంబర్లున్న చెక్క బిళ్ళలు సంచిలో వేసి వరస తీస్తారు. లోరెంజ్ బిళ్ళ సంచిలో వెయ్యడం మానేశారు. అందరిదీ అయ్యాక, పొయ్యి చల్లారే వేళకి అతని వంతు. పదహారేళ్ళు అతను తెల్లగా, లోపల పచ్చిపిండి అంటుకునే రొట్టె తిన్నాడు. అతని భార్య బాబెట్ కూడా అదే తిని, 1968లో పోయింది.

కిలియాన్ చేసిందల్లా ఏమిటంటే, తన వంతు అయ్యాక ఎండిన బీచ్ చెట్టు కట్టెల మోపు ఒకటి పొయ్యి పక్కన మర్చిపోయినట్టు వదిలేసేవాడు, లోరెంజ్ వేడి పెంచుకుంటాడని. లోరెంజ్ ఎప్పుడూ ముట్టుకోలేదు. మళ్ళీ శనివారానికి మోపు అక్కడే ఉండేది. కిలియాన్ దాన్నే పట్టుకెళ్ళి మళ్ళీ దాన్నే వదిలి వచ్చేవాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం రెటా అతని ముందు బంగాళాదుంప ఉండలు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఏమయ్యా, మూడు రోజుల్నుంచి చూస్తున్నా. ముద్ద దిగట్లేదు నీకు. రాళ్ళు పీకేస్తున్నారని బెంగా?"

"మోకాళ్ళు సలుపుతున్నాయి."

"నువ్వు తినేది మోకాళ్ళతోనా?"

కిలియాన్ ఫోర్కు పక్కన పెట్టాడు. ఇరవై అయిదేళ్ళు ఇతరుల పొలాల్లో మోకరిల్లిన మనిషి అతను. నిజంగానే మోకాళ్ళు అరిగిపోయాయి. కానీ ఆ రోజు అతనికి అలసట అనిపించింది కాళ్ళలో కాదు. ఏదో మంచితనం పొంగుకొచ్చి చెప్పాడని నేను అనను. మోసి మోసి విసుగెత్తి చెప్పాడు. బిళ్ళలు ఎలా ఉంటాయో చెప్పలేదు, ఎన్నో చెప్పలేదు. జేబులో ఉండిపోయాయని మాత్రం చెప్పాడు.

 ఉండలు చల్లారిపోయాయి.

"మా నాన్న ఉండగా చెప్పాల్సింది," అంది రెటా చివరికి.

"మీ నాన్న ఉన్నాడనే చెప్పలేదు."

"మరి ఆయన పోయి ఏడేళ్ళయింది కదా?"

కిలియాన్ కంచం పక్కకి జరిపాడు.

"సోమవారం గడిస్తే ఒక్క రాయి ఉండదు రెటా. పొలాలన్నీ మళ్ళీ పంచుతున్నారు. ఆ అడుగున్నర ఎవరికి పోయింది, ఎవరికి వచ్చింది, ఏమీ మిగలదు. ఇప్పుడు నోరు మూసుకుంటే పోయేదేముంది?"

"నీకేం పోదు," అంది రెటా, కంచం తీసేస్తూ. "బాబెట్ చేతి రొట్టె ఒకసారి రుచి చూశాను నేను. పాపం, కుక్క కూడా ముట్టదు. నేనే వెక్కిరించాను దాన్ని, పిండి పిసకడం రాదని."



*

శనివారం పొద్దున పొయ్యి దగ్గర అందరూ చేరారు. వరస తీయడం అయిపోయింది. మొదటి వంతు రౌ వాళ్ళకి వచ్చింది. బాల్టజార్ నిప్పులు బయటికి లాగేస్తున్నాడు, అతని భార్య ఓటీలియె రొట్టెల్ని చెక్క పార మీద సర్దుతోంది. లోరెంజ్ ఎప్పటిలాగే బయట అరుగు మీద, గుడ్డ కప్పిన రెండు పిండి బుట్టలు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. అరవై ఆరేళ్ళు. తన వంతు సాయంత్రానికి గానీ రాదని తెలుసు, అయినా పొద్దున్నే వచ్చి కూర్చుంటాడు. ఆలస్యంగా వచ్చాడన్న మాట కూడా పడకూడదని అతని పట్టుదల.

కిలియాన్ గుమ్మంలో నిలబడ్డాడు. లోపలివాళ్ళకీ అరుగు మీదవాడికీ వినపడే చోటు అది.

"ఒక మాట చెప్పాలి. అందరూ వినండి."

"ఏంటి, యంత్రం రావట్లేదా?" అన్నాడు బాల్టజార్. "నాకు ముందే తెలుసు. ఈ గవర్నమెంటు..."

"యంత్రం వస్తోంది. పశువుల మిట్ట రాయి గురించి. దాని కింద సాక్షులు లేకపోవడం లోరెంజ్ పని కాదు. నేను పెట్టలేదు. నలభై ఎనిమిదిలో. జేబులోనే ఉండిపోయాయి. పెట్టానని చెప్పాను, పెట్టలేదు. యాభై ఏడులో మనం తవ్వినప్పుడు కూడా నాకు తెలుసు. అప్పటికి రాయి పాతిన చోటే ఉంది. ఎవరూ జరపలేదు."

 పెద్ద కష్టమవుతుందనుకున్న మాటలు ఇంత పొట్టిగా అయిపోయాయేమిటా అని కిలియాన్‌కి ఆశ్చర్యం వేసింది.

ముందుగా తేరుకున్నది బాల్టజార్.

"పదహారేళ్ళు! ఏరా కిలియాన్, నోట్లో ఏం పెట్టుకున్నావురా ఇన్నాళ్ళూ? నేను... ఆ చెట్ల పళ్ళు నేను తిన్నాను కదరా!"

"తినడమేనా, ఏటా నా చేత జాం కూడా పెట్టించావు," అంది ఓటీలియె. ఆవిడ మొహం ఎర్రబడింది, పొయ్యి వేడికి కాదు. "లోరెంజన్న కిటికీ ఎదురుగుండానే పెట్టించావు బాణలి."

"నాకేం తెలుసే? గుంటలో ఏమీ లేదన్నారు, నేను నమ్మాను. నువ్వు నమ్మలేదా?"

"నమ్మాను. అదే ఏడుపు."

ఆవిడ పార మీద సర్దిన రొట్టెల్ని ఒక్కొక్కటే తీసి మళ్ళీ బుట్టలో పెట్టేసి, బయటికి వచ్చింది. కళ్ళెత్తి లోరెంజ్‌ని చూడలేక అతని బుట్టల వైపు చూస్తూ, "అన్నా, పొయ్యి మంచి వేడి మీదుంది. ముందు నువ్వు పెట్టుకో" అంది.

లోరెంజ్ బుట్ట మీద గుడ్డ సరిచేశాడు. అతను కేకలేస్తాడనుకున్నాడు కిలియాన్, కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"అయితే మా నాన్న కాదా?" అన్నాడు లోరెంజ్.

ఎవరికీ అర్థం కాలేదు.

"మీ నాన్నేంటి?" అన్నాడు కిలియాన్. "మాతెస్ బాబాయిని ఎవరూ ఏమీ అనలేదే."

"మీరనలేదు. నేననుకున్నాను." లోరెంజ్ గొంతులో కోపం లేదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు నెమ్మదిగా మాట్లాడాడు. "ఆ రాయి పాతిన రోజు నుంచి పోయేదాకా మూడేళ్ళు అదే సణుగుడు మా నాన్నది. 'నా అడుగున్నర మింగేశారు, ఏదో ఒకనాడు నేనే సర్దేస్తా' అనేవాడు. మీరు తవ్వారు. కింద ఏమీ లేదు. నేను జరపలేదని నాకు తెలుసు. మరి నా ఇంట్లో ఇంకెవరు జరుపుతారు?"

"అందుకనా ఆ రోజు ఒక్క మాట కూడా..." అంది రెటా.

"ఏమనాలి రెటమ్మా? నేను కాదంటే అప్పటికి ఆరేళ్ళ కిందట పోయిన మనిషిని దొంగని చేసినట్టు. నేనే మోశాను. బయటికి మోశాను గానీ లోపల మాత్రం క్షమించలేదు. పదహారేళ్ళు ఆయన సమాధి దగ్గరికి వెళ్ళలేదు. నవంబరులో పోయినవాళ్ళ దీపాల పండగకి అందరూ దీపాలు పెట్టుకుంటుంటే నేను గోడ బయటే నిలబడేవాణ్ణి. బాబెట్ వెళ్తానంటే తిట్టేవాణ్ణి. అది పోయాక దాని సమాధి దగ్గరికి మాత్రం వెళ్ళి, ఆయన వైపు చూడకుండా వచ్చేసేవాణ్ణి."

ఆ సమాధి సంగతి అందరికీ తెలుసు. వైడెన్‌లాఖ్ శ్మశానంలో గడ్డి మొలిచింది అదొక్కటే. సొంత తండ్రి సమాధి మీది గడ్డి కూడా పీకని మనిషి గట్టు జరపడా అని దాన్ని చూపించి ఆడవాళ్ళు చెవులు కొరుక్కునేవాళ్ళు. రెటా కొరికింది, ఓటీలియె కొరికింది.

"రెండేళ్ళ కిందట చర్చీ నుంచి కాగితం వచ్చింది. సమాధి చోటుకి డబ్బు కట్టిన ఇరవై ఏళ్ళ గడువు అయిపోయింది, మళ్ళీ కట్టి ఇంకో ఇరవై ఏళ్ళు ఉంచమంటారా, తీసెయ్యమంటారా అని." లోరెంజ్ టోపీ చేతిలోకి తీసుకున్నాడు. "తీసెయ్యమని రాసిచ్చాను. సంతకం పెట్టాను. ఇప్పుడక్కడ పోస్టుమాస్టరు భార్య ఉంది."

మూడు చెట్లు, అడుగున్నర నేల, గంట వంతు, పదహారేళ్ళ పచ్చి రొట్టె. తను చేసిన నష్టం ఇదీ అని కిలియాన్ ఎన్నోసార్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. నేలనైతే ఇంకో చోట ఇప్పించవచ్చు, చెట్లకి చెట్లు ఇవ్వొచ్చు అని ఆ మధ్య కొంత ధైర్యం కూడా తెచ్చుకున్నాడు. మాతెస్ ముసలాయన ఆ లెక్కలో ఎప్పుడూ లేడు. కిలియాన్ గుమ్మం పట్టుకున్నాడు.

లోరెంజ్ లేచి టోపీ పెట్టుకున్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు బాల్టజార్, మొదటిసారి మామూలు గొంతుతో. "రొట్టెలు కాల్చుకో ముందు. నీ వంతే. అందరం ఆగుతాం."

"రాతిపనివాడి దగ్గరికి. తీసేసిన సమాధి రాళ్ళు వాడి పెరట్లోనే పడుంటాయి. పేరు అరగదీసి ఇంకొకరి పేరు చెక్కి అమ్ముకుంటాడు. మా నాన్నది ఇంకా అరగదీశాడో లేదో."

రెండేళ్ళు. అక్కడున్న అందరికీ ఆ రాతిపనివాడు తెలుసు, వాడు ఏ రాయినీ రెండు నెలలకు మించి ఉంచడని కూడా తెలుసు. ఎవరూ ఆ మాట అనలేదు.

"ఉండు అన్నా," అన్నాడు కిలియాన్. "ట్రాక్టరు తీస్తాను. గుట్ట ఎక్కి నడిచి ఎప్పుడు పోతావు? రాయి ఉంటే ఎత్తుకు రావాలన్నా ఇద్దరు కావాలి కదా."

లోరెంజ్ అతని మొహంలోకి చూశాడు. పదహారేళ్ళలో అలా చూడటం అదే మొదలు.

"నువ్వు రావద్దు కిలియాన్. ఆ రాయి దొరికితే నేనొక్కణ్ణే మోస్తాను. దాని మీద నీ చెయ్యి పడకూడదు."

పొంగి గుడ్డని ఎత్తేస్తున్న పిండి బుట్టలు రెండూ అరుగు మీదే వదిలేసి, అతను వైడెన్‌లాఖ్ దారి పట్టాడు.